నిన్న 1808, ఇవాళ 1897

మా పి.ఎస్. (ఫిజికల్ సైన్సు) మాస్టారికి ఒక అలవాటు ఉండేది. బోర్డు మీద ఏ సంగతి రాసినా దాని పక్కన, కుడి మూలగా, చిన్న అంకెలతో ఒక సంవత్సరం వేసేవారు. సోషల్ చెప్పేవాళ్ళకి ఆ అలవాటు ఉందంటే అర్థముంది. పానిపట్టు యుద్ధానికి తేదీ ఉంటుంది గాని పరమాణువుకి తేదీ ఏమిటి? పరీక్షలో వెయ్యకపోతే అర మార్కు పోతుందేమోనని భయపడి, అర్థం కాకపోయినా నోటుబుక్కులో ఎక్కించుకునేవాళ్ళం.

నేను ఎనిమిదో తరగతిలో చేరింది 1983 జూన్‌లో. నరసరావుపేట దగ్గర పల్లెటూరు, జిల్లా పరిషత్ హైస్కూలు, తెలుగు మీడియం. ఏడో తరగతి దాకా జనరల్ సైన్సు అని ఒకటే పుస్తకం. ఎనిమిదికొచ్చేసరికి అది రెండుగా చీలి పి.ఎస్., ఎన్.ఎస్. అయింది. ఎన్.ఎస్. అంటే కప్పా, మందారపువ్వూ అని సీనియర్లు చెప్పారు. పి.ఎస్. అంటే ఏమిటని అడిగితే మాత్రం అదోలా నవ్వి వెళ్ళిపోయేవాళ్ళు.

ల్యాబ్ అంటే మా బడిలో ఒక బీరువా. తాళంచెవి హెడ్మాస్టారి దగ్గర ఉండేది. అందులో రెండు స్పిరిట్ దీపాలు, కొన్ని పరీక్షనాళికలు, లేబుళ్ళు చెదలు తినేసిన నాలుగైదు సీసాలు, మూత బిగుసుకుపోయిన ఒక సీసా. ఆ చివరి సీసాలో ఏముందో మేము బడి వదిలే దాకా ఎవరికీ తెలియలేదు. అందుకని మాస్టారు ప్రయోగం చెయ్యాలంటే ముందు రోజు సాయంత్రం పిల్లలకి పురమాయించేవారు. నువ్వు ఇంట్లోంచి పటిక ముక్క తే, నువ్వు సున్నం తే, నువ్వు కర్పూరం తే అని.

కర్పూరం నా వంతు వచ్చింది.

నాయనమ్మ కర్పూరం డబ్బా అంత తేలిగ్గా ఇచ్చే మనిషి కాదు. ఆ డబ్బాలో నాలుగు మిరియపు గింజలు కూడా ఉండేవి. ఎందుకే అంటే, "లేకపోతే హరించిపోద్దిరా, దానికి రెక్కలుంటయ్" అంది. బళ్ళోకి అన్నాక రెండు బిళ్ళలు లెక్కపెట్టి ఇచ్చింది.

మర్నాడు మాస్టారు ఒక పింగాణీ గిన్నెలో కర్పూరం పెట్టి, పైన గరాటు బోర్లించి, గరాటు కాడలో దూది కుక్కి, కింద స్పిరిట్ దీపం వెలిగించారు. ఘనపదార్థం ద్రవంగా మారకుండా నేరుగా వాయువవుతుంది, దాన్నే ఉత్పతనం అంటారు, ఇప్పుడు చూడండి అన్నారు. చూస్తున్నాం. గరాటు లోపలి గోడకి తెల్లగా మంచులాగా పట్టడం మొదలైంది. బాగానే ఉందనుకుంటుండగా గరాటు కాస్త పక్కకి జరిగింది. మాస్టారు సర్దబోయేలోపు మంట లోపలికి పాకింది. కర్పూరం భగ్గుమంది. ముందు బెంచీలో కూర్చున్న నలుగురు, అలవాటు చొప్పున, లేచి ఆ మంటని కళ్ళకద్దుకున్నారు.

క్లాసంతా ఒకటే నవ్వు. మాస్టారు కూడా నవ్వారు. తర్వాత గిన్నె మీద మూత పెట్టి మంట ఆర్పి, "ఇది ఉత్పతనం కాదు, దహనం. గోడకి పట్టిన తెలుపు ఇంకా కర్పూరమే, గీరి మళ్ళీ వాడుకోవచ్చు. మండిపోయింది మాత్రం ఇక కర్పూరం కాదు. వీళ్ళు దణ్ణం పెట్టుకున్నా రాదు" అన్నారు. భౌతిక మార్పు, రసాయనిక మార్పు అనే పాఠం దానితో అయిపోయింది. పుస్తకంలో దానికి మూడు పేజీలున్నాయి.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి నాయనమ్మకి ఉత్పతనం గురించి చెప్పబోయాను. "ఆ మాత్రం మాకు తెలియదా, హారతి కర్పూరంలా హరించుకుపోయిందని ఊరికే అంటారా?" అంది. నిజమే. ఆ మాట నేను అంతకుముందు నూరుసార్లు విన్నాను. అందులో కెమిస్ట్రీ ఉందని తట్టలేదు.

కర్పూరం ఎక్కడికి పోయిందన్న ప్రశ్న మాత్రం మిగిలింది. గాలిలో కలిసిపోయిందన్నారు. కలిసిపోవడమంటే? దానికి మాస్టారు ఇంగువ తెచ్చారు. ఇంగువ కట్టిన గుడ్డ అని మనకో సామెత ఉందిగదా, ఆ గుడ్డనే తెచ్చారు. అందులో ఇంగువ పలుకు కూడా లేదు, ఉత్త గుడ్డ. టేబుల్ మీద విప్పి పెట్టి, వాసన తగిలినవాళ్ళు తగిలినట్టు చెయ్యెత్తండి అన్నారు. ముందు బెంచీ, తర్వాత రెండో బెంచీ, తర్వాత కిటికీ పక్క వాళ్ళు. వెనక బెంచీలో నేను చెయ్యెత్తేసరికి చాలాసేపే పట్టింది. "గుడ్డ ఇక్కడే ఉంది, నేనూ ఇక్కడే ఉన్నా. మరి నీ ముక్కు దాకా నడిచొచ్చిందెవరు?" అన్నారు నన్ను చూసి. వాసన అన్నాను. వాసనకి కాళ్ళున్నాయా అన్నారు. ఇంగువే వచ్చి నా ముక్కులో దూరిందని, కంటికి కనపడనంత చిన్న చిన్న తునకలుగా వచ్చిందని ఒప్పుకోక తప్పలేదు. అణువు నా జీవితంలోకి వచ్చింది అలా, ముక్కులోంచి.

ఎంత చిన్న తునకలు అన్నదానికి మరో రోజు పర్మాంగనేట్ తీశారు. వానాకాలంలో మా మంచినీళ్ళ బావిలో పంచాయతీ వాళ్ళు కలిపే మందే అది. బడి ఎదురుగా టీకొట్టులో ఆరు గాజు గ్లాసులు అడిగి తెప్పించారు. మొదటి గ్లాసు నీళ్ళలో ఒక్కటంటే ఒక్క పలుకు వేశారు. అడుగు నుంచి వంగపండు రంగు దారాలు పైకి లేచాయి. కలిపితే గ్లాసంతా నేరేడుపండు రసం. అందులోంచి పావుగ్లాసు రెండో దానిలో పోసి నీళ్ళతో నింపారు. దానిలోంచి పావుగ్లాసు మూడోదానిలో. నాలుగో గ్లాసుకి గులాబిరంగు. ఆరో గ్లాసు మాకు మంచినీళ్ళలానే కనపడింది. మాస్టారు దాని వెనక తెల్లకాగితం పెట్టారు. అప్పుడు చూస్తే ఉందా లేదా అన్నంత లేత రంగు.

"ఒక్క పలుకు ఎన్ని ముక్కలైతే ఈ గ్లాసులో ప్రతి చుక్కకీ వాటా దక్కిందో లెక్కెయ్యండి" అన్నారు. మేము లెక్కెయ్యలేదు. కాని ఆ కాగితం ముందు లేతరంగు ఇప్పటికీ కళ్ళలో ఉంది.

దీనికో ఉపకథ. టీకొట్టు ఆయన సాయంత్రం గ్లాసులు పట్టుకుని బళ్ళోకొచ్చాడు. "గ్లాసులకి మరకలు పట్టినయ్ మాస్టారూ, ఎంత తోమినా పోవట్లా" అని. పర్మాంగనేట్ నిలవుంటే గోధుమరంగు మరక పడుతుంది, అది మాంగనీస్ డయాక్సైడ్. మాస్టారు నిమ్మకాయ చెక్క తెప్పించి ఆయన ఎదురుగానే రుద్ది చూపించారు. మరక పోయింది. టీకొట్టు ఆయన గ్లాసులు తీసుకెళ్ళాడు గాని మళ్ళీ ఎప్పుడూ గ్లాసులివ్వలేదు.

ఇంత అయ్యాక గాని పరమాణు సిద్ధాంతం చెప్పిన డాల్టన్ పేరెత్తలేదు ఆయన. ఇప్పుడు తలుచుకుంటే అదే సరైన వరుస అనిపిస్తుంది. పుస్తకంలో డాల్టనే ముందొచ్చేవాడు.

డాల్టన్‌ది ఇంగ్లండులో ఒక నేతపని వాళ్ళ కుటుంబం. పన్నెండో ఏటికే బడిపంతులయ్యాడట. ఆ మాట చెప్పి మాస్టారు మమ్మల్ని ఎగాదిగా చూశారు, మాకు పదమూడు. ఆయనకి రంగులు సరిగా కనపడేవి కావు. కంటిలోపలి ద్రవం నీలంగా ఉండబట్టే అట్లా అవుతోందని అనుకుని, తను పోయాక కన్ను కోసి చూడమన్నాడు. చూశారు, ద్రవం మామూలుగానే ఉంది. అంతటివాడు తన కన్ను విషయంలో తప్పు చెప్పాడని మాస్టారికి భలే సరదా. పదార్థమంతా పరమాణువులతో తయారైంది, వాటిని విడగొట్టలేం, ఒక మూలకంలోని పరమాణువులన్నీ ఒకేలా ఉంటాయి. బోర్డు మీద ఇవన్నీ రాసి పక్కన 1808 అని వేశారు. మేము ఎక్కించుకున్నాం.

మర్నాడు బోర్డు మీద ఒక పుచ్చకాయ బొమ్మ వేశారు. ఎర్రటి గుజ్జు ధనావేశం, గింజలు ఎలక్ట్రాన్లు. థామ్సన్ అనే ఆయన పరమాణువు లోపల ఎలక్ట్రాన్ ఉందని కనిపెట్టాడు, పరమాణువు అన్నిటికన్నా చిన్నది కాదు, దానిలోంచి ముక్కలు బయటికొస్తాయి అన్నారు. పక్కన 1897.

మా క్లాసులో ఫస్టొచ్చే అమ్మాయి లేచి నిలబడింది. తనకి పాఠాలన్నీ కంఠతా వచ్చు, కాబట్టి ఇబ్బంది కూడా తనకే ముందొచ్చింది.

"సార్, పరమాణువుని విడగొట్టలేం అని నిన్న చెప్పారు గదండీ."

మాస్టారు సుద్దముక్క కింద పెట్టారు. ఈ ప్రశ్న కోసమే ఎన్నాళ్ళుగానో కాచుకుని కూర్చున్నట్టుంది మొహం.

"నిన్న 1808 అమ్మా. ఇవాళ 1897."

సంవత్సరం ఎందుకు వేస్తారో ఆ రోజు తెలిసింది మాకు. డాల్టన్‌కి నీళ్ళ గురించి కూడా సరిగా తెలియదని అప్పుడే చెప్పారు. నీటిలో ఒక హైడ్రోజన్‌కి ఒక ఆక్సిజన్ అనే ఆయన లెక్క. "డాల్టన్ వచ్చి మన పబ్లిక్ పరీక్ష రాస్తే నీటి ఫార్ములాకి సున్నా" అన్నారు. డాల్టన్ పక్కన కూర్చుని చూచిరాతకి పనికిరాడని మాలో ఎవరో అంటే దానికీ నవ్వారు.

ఆ తర్వాత మాకు అదో ఆటయిపోయింది. ఎవడేం చెప్పినా "ఏ సంవత్సరం మాటరా అది?" అని అడగటం. నీ బాకీ రేపిస్తానురా అంటే ఏ సంవత్సరం మాట? రేపటి నుంచి పొద్దున్నే లేచి చదువుతా అంటే ఏ సంవత్సరం మాట? ఇంగ్లీషు మాస్టారి దగ్గర ఒకడు ఇదే అడిగి బెంచీ ఎక్కాడు కూడా.

1911 దగ్గరకొచ్చేసరికి మాస్టారికి ఉత్సాహం ఆగేది కాదు. రూథర్‌ఫోర్డ్ బంగారు రేకు మీదికి ఆల్ఫా కణాలు, అంటే ధనావేశమున్న చిన్న తునకలు, వదిలించాడు. దాదాపు అన్నీ రేకు లేనట్టే దూసుకుపోయాయి. వేలల్లో ఒకటి మాత్రం వెనక్కి తిరిగొచ్చింది. అంటే పరమాణువులో ఎక్కువ భాగం ఖాళీ, నడుమ ఎక్కడో గట్టి గింజ. మమ్మల్ని క్లాసులోంచి బయటికి తీసుకొచ్చి గ్రౌండు అంచున నిలబెట్టారు. "ఈ గ్రౌండంతా ఒక పరమాణువు అనుకోండి. ఆ నడుమ పిచ్ మీద ఒక ఆవగింజ. అదీ కేంద్రకం. మిగతా ఇంత మైదానంలో ఎలక్ట్రాన్లు తప్ప ఇంకేం లేదు." మా వాళ్ళలో ఒకడు నిజంగానే పిచ్ దాకా నడిచెళ్ళి కింద చూశాడు. బంగారం కూడా అంత ఖాళీయేనని ఇంట్లో చెబితే మా అమ్మ, "అయితే తులానికి అంత పోసి ఎందుకు కొంటున్నాంరా?" అంది.

నాకు మాత్రం అన్నిటికన్నా ఇష్టమైన పాఠం పెంకుటింటి పాఠం. మా తరగతిగదికి బెంగుళూరు పెంకులు. ఒక పెంకు పగిలి, పొద్దున రెండో పీరియడ్‌లో ఎండ కడ్డీలా ఏటవాలుగా దిగేది. అందులో ధూళి తిరుగుతూ ఉండేది. వైశేషికులని మన పాతకాలపు తాత్వికులు ఆ ధూళికణాన్ని త్రసరేణువన్నారు, దానిలో ఆరో వంతు పరమాణువన్నారు, కణాదుడి సంప్రదాయం అది అని చెప్పి, ఆయన సంవత్సరం వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదు సార్ అంటే, "ఆయన ప్రయోగం చెయ్యలా, ఆలోచించాడు. ఆలోచన గొప్పదే. కాని ఆరో వంతు అంటే తూకం వేసి చెప్పిన మాట కాదు" అన్నారు. ఆ రోజుల్లో అలా అనటం కొందరికి నచ్చేది కాదు. అన్నీ మనవాళ్ళు ముందే కనిపెట్టారని ఇంకో మాస్టారు చెబుతుండేవారు. ఇద్దరూ స్టాఫ్ రూమ్‌లో పక్కపక్కనే కూర్చుని ఒకే క్యారియర్‌లో పచ్చడి పంచుకునేవాళ్ళు.

ఎండలో ధూళి తిరిగేది గాలి వల్ల, దాన్ని చూసి పరమాణువు కదులుతోంది అనుకోవద్దు అని కూడా హెచ్చరించారు. అసలు కదలిక వేరే ఉంది. 1827లో బ్రౌన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు నీటిలో పుప్పొడి తునకలని మైక్రోస్కోపులో చూస్తే అవి ఊరికే తుళ్ళుతూ కనపడ్డాయి. ఎందుకో అప్పుడు తెలియలేదు. కనపడని నీటి అణువులు అన్ని వైపుల నుంచీ తోస్తుంటే అవి అలా తుళ్ళుతున్నాయని 1905లో ఐన్‌స్టీన్ లెక్క కట్టాడు. తర్వాత పెరిన్ కొలిచి చూశాడు.

మాకు సగమే అర్థమైంది. అప్పుడాయన అడిగారు, "శివరాత్రికి కోటప్పకొండ పోయారా?"

పోకపోవడమేమిటి. ఆ చుట్టుపక్కల పుట్టినవాడు తిరనాళ్ళకి పోకుండా ఉంటాడా. బండి మీద నిలువుగా కట్టి ఊరేగించే ఎత్తైన చట్రాలే ప్రభలు.

"ఎనభై అడుగుల ప్రభ దూరం నుంచి ఎలా కనపడుద్ది?"

ఊగుతూ కనపడుద్ది సార్.

"మరి దాన్ని తోసేవాళ్ళు కనపడతారా?"

కనపడరు సార్.

"ప్రభ దానంతటదే ఊగుతుందని ఎవరన్నా అంటే?"

పిచ్చోడంటాం సార్.

అంతే, ఇంక ఒక్క మాట చెప్పలేదు. మోకుబట్టి లాగేవాళ్ళు, బండిని తోసేవాళ్ళు, తూలకుండా తాళ్ళు పట్టుకున్నవాళ్ళు, తలో వైపు తలో రకంగా. ఎవరూ కనపడరు, ప్రభ మాత్రం ఇటు కాస్త అటు కాస్త. డిగ్రీలో బ్రౌనియన్ చలనం సమీకరణాలతో సహా చదివాను. రాత్రిపూట లైట్లతో వెలిగిపోతూ తూలుతున్న ప్రభే ఇప్పటికీ ముందు కళ్ళముందుకొస్తుంది.

తొమ్మిదిలో సంకేతాలు, వేలన్సీలు (ఒక పరమాణువు ఎన్ని బంధాలు కలుపుకోగలదో చెప్పే అంకెలు) వచ్చాయి. ఇక్కడ చాలామంది చేతులెత్తేశారు. తెలుగు మీడియం అయినా సంకేతాలు ఇంగ్లీషు అక్షరాలే. సోడియంలో 'ఎన్' ఎక్కడుంది, ఇనుముకి 'ఎఫ్' ఎందుకొచ్చింది అని తలలు పట్టుకున్నాం. నాట్రియం, ఫెర్రం అని లాటిన్ పేర్లు చెప్పి మాస్టారు ముందుకెళ్ళిపోయారు. దాన్నుంచి ఎవరూ రక్షించలేరు, బట్టీయే గతి. ఫార్ములాలు రాయడానికి మాత్రం ఒక మంత్రం చెప్పారు. వీడి వేలన్సీ వాడి కింద, వాడి వేలన్సీ వీడి కింద. "కుండమార్పిడి పెళ్ళిళ్ళు చూశారా? వీళ్ళ పిల్ల వాళ్ళింటికి, వాళ్ళ పిల్ల వీళ్ళింటికి. ఇదీ అంతే." అల్యూమినియం మూడు, ఆక్సిజన్ రెండు, మార్చేస్తే రెండు అల్యూమినియంలు, మూడు ఆక్సిజన్లు. పదో తరగతి గట్టెక్కింది ఆ కుండమార్పిడి మీదే.

పేర్ల గురించి ఇంకొకటి. ఆయన చదువుకున్న రోజుల్లో ఆక్సిజన్‌ని ఆమ్లజని అనేవారట, హైడ్రోజన్‌ని ఉదజని. ఉదకాన్ని పుట్టించేది ఉదజని, సరే. ఆమ్లాన్ని పుట్టించేది ఆమ్లజని, ఇది మాత్రం తప్పు అని చెప్పారు. ఆమ్లాలన్నిట్లో ఆక్సిజన్ ఉంటుందని లావోయిజర్ అనుకుని ఆ పేరు పెట్టాడు. హైడ్రోక్లోరికామ్లంలో ఆక్సిజనే లేదు. తప్పని తేలాక కూడా పేరు మారలేదు. ఫ్రెంచివాడి పొరపాటుని మనవాళ్ళు శ్రద్ధగా సంస్కృతంలోకి మార్చి, మూడు తరాలు చదివించారు. నత్రజని ఒక్కటి బతికిపోయింది, దాన్ని బతికించింది పుస్తకాలు కాదు, ఎరువుల బస్తాలు.

బస్తా అంటే గుర్తొచ్చింది. పదో తరగతిలో అణుభారాలు చెప్పేటప్పుడు మాస్టారు యూరియా లెక్క ఇచ్చారు. కార్బన్ పన్నెండు, ఆక్సిజన్ పదహారు, నత్రజని రెండు కాబట్టి ఇరవై ఎనిమిది, హైడ్రోజన్ నాలుగు. మొత్తం అరవై. అరవైలో ఇరవై ఎనిమిది అంటే నూటికి 46.7. ఇంటికి పోయి కొట్టంలో ఉన్న బస్తా మీద చూడమన్నారు. పరిగెత్తాను. నత్రజని 46 శాతం అని అచ్చేసి ఉంది. ఎవరూ చూడని చీకటి కొట్టంలో, నా పెన్నుతో వేసిన లెక్క బస్తా మీద అచ్చులో కనపడ్డప్పటి ఆ ఒళ్ళు జలదరింపు తర్వాత ఏ ర్యాంకు వచ్చినప్పుడూ కలగలేదు.

నాన్నకి గర్వంగా చెప్పాను. యాభై కిలోల బస్తాలో నత్రజని ఇరవై మూడు కిలోలే నాన్నా అని. ఆయన మిరపతోటకి ఎరువేసి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. కాసేపు ఆలోచించి, "అయితే మిగతా ఇరవై ఏడు కిలోలకి డబ్బులు ఎందుకు కడుతున్నట్టురా?" అన్నాడు.

ఒక్క పరమాణువు ఒంటరిగా దొరకదు నాన్నా, కార్బన్‌నీ ఆక్సిజన్‌నీ వెంటబెట్టుకుని వస్తుంది అని ఏదో చెప్పాను. "పెళ్ళికూతురు వెంట చుట్టాల్లాగా" అన్నాడు. ఆయనకి అర్థమైంది. ఎరువుల కొట్లో కూడా ఇదే చెప్పాడట తర్వాత, షావుకారుకి.

1986లో ఇంటర్‌కి గుంటూరు పోయాను. ఇంగ్లీషు మీడియం. ఇక్కడ నా కెమిస్ట్రీ అంతా ఒక్క రోజులో పోయింది. సబ్లిమేషన్ అని లెక్చరరు అంటుంటే అదేదో గొప్ప కొత్త సంగతి అనుకుని వారం రోజులు భయపడ్డాను, అది మా ఉత్పతనమే అని తెలిసేసరికి కోపమొచ్చింది. అణువు, పరమాణువు అని తెలుగులో ఒకే ఇంటివాళ్ళలా ఉండేవి, మాలిక్యూల్, యాటమ్ అయ్యేసరికి ఒకరికొకరు సంబంధం లేనివాళ్ళయిపోయారు. కాంపౌండ్ అంటే ఏమిటని మొదటివారంలోనే అడిగారు. నాకు తెలిసిన కాంపౌండ్ బడి చుట్టూ ఉండే గోడ. తెలిసిన రెండోది కాంపౌండరు, మా ఊరి ఆసుపత్రిలో ఉండేవాడు, సీసాలో ఎర్ర మందు కలిపి ఇచ్చేవాడు. కాంపౌండరు కలిపేది కాబట్టి అదే కాంపౌండ్ అయ్యుంటుందని ఊహించి, కలిపేది కాంపౌండ్ సార్ అన్నాను, తెలుగులోనే. క్లాసు నవ్వింది. తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే నాకే నవ్వొచ్చింది. కాంపౌండరు ఇచ్చే సీసాని అందరూ మిక్చర్ అనే అనేవాళ్ళు. మిశ్రమం కలిపేవాడికి సంయోగపదార్థం పేరు పెట్టినవాడిని అడగాలి.

ఆరు నెలలు రెండు నోటుబుక్కులు రాశాను, ఒకవైపు తెలుగు మాట, ఒకవైపు ఇంగ్లీషు మాట. మోల్ అన్నదానికి తెలుగు వైపు కూడా మోల్ అనే ఉంది, దాన్ని చూస్తే ప్రాణం లేచొచ్చేది. ఒక మోల్ నీళ్ళంటే పద్దెనిమిది గ్రాములు, అంటే సుమారు మూడున్నర ఉద్ధరిణెలు. అందులో ఎన్ని అణువులో మాస్టారు పదో తరగతిలో ఒకడి చేత బోర్డు మీద రాయించారు. 6022 రాసి పక్కన ఇరవై సున్నాలు. వాడు పదిహేడో సున్నా దగ్గర లెక్క తప్పి మళ్ళీ మొదటికొచ్చాడు. అవగాడ్రో సంఖ్య అంటాం గాని ఆ సంఖ్య ఎంతో పాపం అవగాడ్రోకే తెలియదు, ఆయన 1856లోనే పోయాడు అని మాస్టారు చెప్పిన మాట ఇంటర్ పుస్తకంలో ఎక్కడా లేదు. అసలు ఆ పుస్తకంలో సంవత్సరాలే తక్కువ. అన్నీ ఎప్పటి నుంచో అలాగే ఉన్నట్టు రాసి ఉండేది.

గుంటూరు అనగానే చెప్పాల్సింది ఒకటి మిగిలిపోయింది. ఇది పదో తరగతి నాటిదే.

స్పిరిట్ దీపం మంట మీద మాస్టారు ఉప్పు చల్లారు. కనీకనపడనట్టుండే మంట ఒక్కసారిగా పసుపుపచ్చగా మారింది. మా ఇంట్లో పంపు స్టవ్వు మీద పప్పు పొంగినప్పుడల్లా నీలం మంట పచ్చబడటం చూసేవాణ్ణి, అదే ఇది. సోడియం సంతకం అది, ఒక్కో మూలకానికి ఒక్కో రంగు సంతకం ఉంటుంది అన్నారు. బోర్డు మీద 1868 ఆగస్టు 18 అని వేశారు. సంవత్సరంతో ఆగకుండా తేదీ వెయ్యటం అదే మొదటిసారి. దాని పక్కన ఊరు పేరు కూడా వేశారు. గుంటూరు.

ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం. జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఓడెక్కి మద్రాసు వచ్చి, అక్కణ్ణుంచి గుంటూరు వచ్చి కాచుకుని కూర్చున్నాడు. బందరులో మద్రాసు అబ్జర్వేటరీ వాళ్ళు కూర్చున్నారు. గ్రహణం పట్టి సూర్యుడు కనపడకుండా పోయినప్పుడు, అంచున ఎగిసే మంటల వెలుగుని పరికరంతో గీతలు గీతలుగా విడగొట్టి చూశారు. అందులో ఒకటి పసుపు గీత. మొదట సోడియమే అనుకున్నారు. ఆ ఏడాదే ఇంగ్లండులో లాకియర్ చూసి ఇది సోడియం గీత చోట లేదే అన్నాడు. భూమ్మీద ఎవరికీ తెలియని మూలకమది. సూర్యుడి గ్రీకు పేరు మీద హీలియం అన్నారు. భూమి మీద దాన్ని రామ్సే పట్టుకునేసరికి 1895 వచ్చింది. ఇరవై ఏడేళ్ళు.

మేము నోళ్ళు తెరుచుకుని విన్నాం. లండన్, పారిస్, మాంచెస్టర్ తప్ప ఇంకో ఊరి పేరు వినని పాఠంలో, మేము మిరపకాయలు అమ్ముకునే గుంటూరు వచ్చి కూర్చుంది. రెండు గంటల బస్సు.

నాకు ఇంకో ముచ్చట కూడా గుర్తొచ్చింది. 1980 ఫిబ్రవరిలో పెద్ద గ్రహణం వచ్చినప్పుడు నేను నాలుగో తరగతి. నాయనమ్మ మధ్యాహ్నానికే తలుపులన్నీ వేయించి, కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కించింది. ఊరగాయ జాడీల మీద, నీళ్ళ బిందెల మీద దర్భలు వేసింది. నన్ను మంచం మీద కూర్చోబెట్టి కదలనివ్వలేదు. సందులోంచి వచ్చే వెలుగు మసకబారటం మాత్రం చూశాను. విడుపు స్నానం అయ్యాకే అన్నం పెట్టింది.

ఆ సాయంత్రం అరుగు మీద నాయనమ్మ పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. ఉప్పు మంట, పసుపు గీత, ఓడ, ఫ్రెంచాయన, సూర్యుడిలో ముందు కనపడి భూమ్మీద తర్వాత దొరికిన వాయువు. మనం తలుపులేసుకుని కూర్చున్నట్టే అందరూ కూర్చుని ఉంటే అది దొరికేదే కాదు నాయనమ్మా అని కాస్త దెప్పాను కూడా.

ఒత్తులు చేసుకుంటూ విన్నది. అడ్డుపడలేదు. అంతా అయ్యాక పత్తి పక్కన పెట్టింది.

"గుంటూర్లోనే?"

"గుంటూర్లోనే."

"గ్రహణం పట్టు, విడుపు మొత్తం బయటే నిలబడ్డాడా?"

"నిలబడ్డాడు."

"మరి విడుపు స్నానం చేశాడంటనా?"

మర్నాడు బళ్ళో మాస్టారిని అడిగాను. ఆయన చాలాసేపు నవ్వి, ఆ సంగతి ఎవరూ రాయలేదని చెప్పమన్నారు.